కార్జానికి చేరని కబురు



కొన్నేళ్ళ కిందట మా ఆసుపత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు ఇచ్చే కిటికీ దగ్గర ఒకావిడ నన్నొక ప్రశ్న అడిగింది. ఆమె భర్త పై అంతస్తులో వార్డులో ఉన్నాడు. పొట్టలో నీరు చేరింది, కాళ్ళు వాచాయి, చేతులు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. "చుక్క ముట్టని మనిషండీ" అంది ముందుగా, ఎవరూ అడక్కుండానే. లివరు పాడైందంటే లోకం మొదట అనుమానించేది తాగుడునే గదా. ఆయనకున్నది ఇరవై ఏళ్ళ షుగరు, దానితోపాటు కాలేయంలో పేరుకున్న కొవ్వు. ఆ మాట అయ్యాక అసలు ప్రశ్న అడిగింది. "కార్జం కోసేసినా మళ్ళీ పెరుగుద్దంట గదండీ. మా వీధిలో ఒకాయన కొడుక్కి సగం కోసిచ్చాడు. ఇద్దరికీ పెరిగిందన్నారు. మరి మా ఆయనకి పెరగదేంటండీ?"

నేను ల్యాబు డాక్టర్ని. రోగి నాడి పట్టుకోను, రక్తం చూస్తాను. ఆ కిటికీ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. కాలేయ వైద్యం వందేళ్ళుగా వేసుకుంటున్న ప్రశ్ననే ఆవిడ అడిగింది. ఆ జవాబులో చాలా భాగం రక్తంలోనే ఉంది. ఈ పూట దాని గురించే చెబుతాను.

కార్జం పెరుగుతుందన్న మాట నిజమే. 1931లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసేశారు. వారం పది రోజులు తిరిగేసరికి మిగిలిన ముక్క పెరిగి దాదాపు పాత బరువుకి వచ్చేసింది. కోసిన చోట కొత్త కొమ్మ మొలవలేదు. మిగిలిన భాగమే నిండుకుంది. సరిపోయినంత అయ్యాక ఆగిపోయింది. ఆ ఆగడం కూడా పెరగడమంత వింతే.

మరి మిగిలిన ముక్కకి "నువ్వు పెరగాలి" అని చెప్పిందెవరు? 1967లో బోస్టన్‌లో మూల్టెన్, నాన్సీ బుచర్ అనే శాస్త్రవేత్తలు రెండు ఎలుకల మెడ రక్తనాళాలను సన్నటి గొట్టాలతో కలిపారు. దీని రక్తం దానిలోకి, దాని రక్తం దీనిలోకి తిరుగుతోంది. ఒక ఎలుక కాలేయాన్ని కోశారు. కత్తి తగలని రెండో ఎలుక కాలేయం కూడా పెరగడానికి సిద్ధమైంది, కణాలు డీఎన్‌ఏ తయారుచేసుకోవడం మొదలుపెట్టాయి. అంటే కబురు రక్తంలోనే వెళ్ళింది.

ఇలా ఒక కణం నుంచి ఇంకో కణానికి పెరగమనో, విడిపొమ్మనో, బతకమనో కబురు మోసే ప్రోటీన్లను గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. తెలుగులో వృద్ధి కారకాలు అంటున్నాం. ఇలాంటి మొదటి కారకాలను కనిపెట్టినందుకు రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ అందుకున్నారు. కాలేయ కణాన్ని గట్టిగా కదిలించే కారకాన్ని పట్టుకోవడంలో జపాన్ శాస్త్రవేత్తలు ముందున్నారు. కాలేయం ఒక్కసారిగా కుప్పకూలిన రోగులకు రక్తశుద్ధి చేస్తారు. అప్పుడు వేరుచేసి బయట పారబోసే ప్లాస్మా ఉంటుంది. గోహ్డా, సుబౌచి, దైకుహారా బృందం ఆ ప్లాస్మాలో వెతికి, 1988లో ఆ ప్రోటీన్‌ని శుద్ధిచేసి చూపించింది. మరుసటి ఏడాది తోషికాజు నకమురా బృందం దాని జీన్‌ని వేరుచేసింది. పేరు హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా హెచ్‌జీఎఫ్.

వాళ్ళు ఎక్కడ వెతికారో గమనించారా? కార్జాన్ని పెంచే పదార్థం కోసం, కార్జం పెరగక చావుబతుకుల మధ్య ఉన్న మనుషుల రక్తంలో వెతికారు. అక్కడే అది దండిగా దొరికింది. నా మటుకు ఈ మొత్తం కథలో అతి ముఖ్యమైన సంగతి ఇదే.

తర్వాత దీన్ని కొలిచే పరీక్ష వచ్చింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, అందులో 96 చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో రోగి రక్తం బొట్టు. రసాయనాలు వరసగా పోసి కడుగుతూ వెళితే చివర్లో నీలం రంగు తేలుతుంది. దాని మీద కాస్త ఆమ్లం పడగానే నీలం పసుపైపోతుంది. పసుపు ఎంత చిక్కగా ఉంటే ఆ ప్రోటీన్ అంత ఎక్కువ ఉన్నట్టు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో హెచ్‌జీఎఫ్ మిల్లీలీటరుకి అర నానోగ్రాము కూడా ఉండదు, ఆ గుంట దాదాపు నీళ్ళలా ఉంటుంది. కాలేయం నిండా మచ్చ కట్టే జబ్బు సిరోసిస్. ఆ రోగిలో మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. కాలేయం హఠాత్తుగా విఫలమైనవాళ్ళలో పదుల రెట్లు ఉంటుంది, గుంట పసుపు ముద్దలా కనిపిస్తుంది.

ఎందుకంత? కారణాలు రెండు. హెచ్‌జీఎఫ్‌ని తయారుచేసేది కాలేయపు ముఖ్య కణాలు కావు. వాటి పక్కనుండే వేరే కణాలు, ఇంకా ఊపిరితిత్తి, ప్లీహం, కిడ్నీ దాన్ని తయారుచేస్తాయి. ఒంట్లో ఒకచోట దెబ్బ తగిలితే చుట్టుపక్కలంతా కలిసి సాయం పంపినట్టన్నమాట. ఇది మొదటి కారణం. రక్తంలోంచి దాన్ని తీసుకుని వాడుకోవాల్సింది కాలేయమే. ఆ కణాలు పోయాక తీసుకునేవాళ్ళు లేక అది రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. ఇది రెండోది. గోదావరి డెల్టాలో వ్యవసాయం చేసినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాలవ నిండుగా పారుతున్నా బోదె పూడిపోతే చేను ఎండుతుంది. అప్పుడు కాలవలో నీటిమట్టం కొలిచి "నీళ్ళకేం కొదవ" అనుకుంటే తప్పు. ఆ మట్టమే చెబుతోంది, చేలోకి నీళ్ళు వెళ్ళడం లేదని.

ఆవిడ ప్రశ్నకి సగం జవాబు ఇదే. ఆయన ఒంట్లో పెరగమనే కబురుకు లోటు లేదు. దాన్ని అందుకుని పనిలో దిగే కణాలే తగ్గిపోయాయి. మిగిలినవాటి చుట్టూ మచ్చ కట్టింది. వీధిలో ఆయన కొడుక్కి ఇచ్చింది ఆరోగ్యమైన కార్జం, అందుకే అక్కడ ఆ కబురు పనిచేసింది.

ఇక్కడ మన ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. పచ్చకామెర్లు వస్తే పసరు పోయించుకోవడం మనకు బాగా అలవాటు. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గించింది కార్జం తనను తాను కట్టుకునే ఈ శక్తే. పసరు పోసిన మనిషిని నేను నిందించను, అతని కళ్ళముందు రోగి బాగుపడ్డాడు, అతను నమ్మాడు. నా భయమంతా బాగుపడని ఆ కొద్దిమంది గురించి. కామెర్లున్న మనిషి పగలంతా మత్తుగా పడుకుంటున్నా, మాట తడబడుతున్నా, తెలిసిన మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నా, చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నా అది మామూలు కామెర్లు కాదు. ఆ రాత్రికి ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. గర్భిణి అయితే ఇంకా తొందరపడాలి. హెచ్‌జీఎఫ్ కొండెక్కి కూర్చునేది సరిగ్గా ఇలాంటి రోగుల్లోనే.

అయితే ఈ పరీక్ష ఎక్కడ చేస్తారని మీరు వెతకొద్దు. న్యుమోనియాలోనూ గుండెపోటులోనూ హెచ్‌జీఎఫ్ పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ పడితే చాలు, కణజాలానికి అంటుకుని ఉన్నదంతా విడివడి రక్తంలోకి వస్తుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి ఆ ఇంజెక్షన్ పడుతూనే ఉంటుంది. ఎక్కడో దెబ్బ తగిలిందని హెచ్‌జీఎఫ్ చెబుతుంది. ఎక్కడ తగిలిందో చెప్పలేదు.

రెండో కారకం కథ దీనికి పూర్తిగా ఎదురు. దాని పేరు ఐజీఎఫ్ వన్. 1957లో సాల్మన్, డాగడే అనే శాస్త్రవేత్తలు దీని జాడ మొదట పట్టుకున్నారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ని వదులుతుంది. ఆ హార్మోన్ కాలేయానికి చేరగానే కాలేయం ఐజీఎఫ్ వన్ తయారుచేస్తుంది. రక్తంలో తిరిగే ఐజీఎఫ్ వన్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు కాలేయం సరుకే. పిల్లలు ఎత్తు పెరగడంలో, పెద్దవాళ్ళ కండ నిలవడంలో దాని పాత్ర పెద్దది. గ్రోత్ హార్మోన్ రోజులో పొంగుతూ తగ్గుతూ ఉంటుంది, ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు. ఐజీఎఫ్ వన్ మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కొలిచేవాడికి అది వరం.

సిరోసిస్ ముదిరేకొద్దీ ఐజీఎఫ్ వన్ పడిపోతుంది, గ్రోత్ హార్మోన్ మాత్రం పెరుగుతుంది. పైనుంచి ఆజ్ఞ మరింత గట్టిగా వస్తోంది, కింద దాన్ని అమలుచేసేవాళ్ళు లేరు. ఆవిడ భర్త చేతులు పుల్లల్లా అయ్యాయన్నాను కదా. సిరోసిస్‌లో కండ కరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. తిండి సయించకపోవడం ఒకటి, రాత్రంతా ఏమీ తినకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకోవడం ఒకటి. వాటిలో ఈ ఐజీఎఫ్ వన్ లోటు కూడా ఉంది. అందుకే సిరోసిస్ రోగికి రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి పెట్టమని చెబుతాం. పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించకండి. పథ్యం పేరుతో రోగిని చారన్నం మీద ఎండగట్టే ఇళ్ళు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఐజీఎఫ్ వన్‌కి సంబంధించి నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. 1964లో చైల్డ్, టర్కాట్ అనే సర్జన్లు సిరోసిస్ తీవ్రతను ఐదు అంశాలతో అంచనా వేశారు. బిలిరుబిన్, ఆల్బుమిన్, పొట్టలో నీరు, మెదడు స్థితి, ఐదోది రోగి పోషణ. ఆ పోషణని డాక్టరు కంటితో చూసి చెప్పాలి. ఒకరి కంటికి బాగున్న మనిషి ఇంకొకరి కంటికి చిక్కినట్టు కనిపిస్తాడు. అందుకే 1973లో పగ్ బృందం పోషణను తీసేసి, దాని స్థానంలో రక్తం గడ్డకట్టే సమయాన్ని చేర్చింది. మనం ఈనాటికీ వాడే చైల్డ్ పగ్ స్కోరు అదే. చాలా ఏళ్ళ తర్వాత హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో ఒక బృందం కాలేయ క్యాన్సర్ రోగుల కోసం దీన్ని మళ్ళీ మార్చింది. కంటితో అంచనా కట్టాల్సిన మిగతా రెండింటినీ, అంటే పొట్టలో నీరు, మెదడు స్థితి తీసేసి, వాటి బదులు ఐజీఎఫ్ వన్‌ని పెట్టింది. మిల్లీలీటరుకి 50 నానోగ్రాములు దాటితే ఒక పాయింటు, 26 కంటే తగ్గితే మూడు. నాకు అనిపించేదేమిటంటే, 1973లో పోషణ అని పక్కన పెట్టేసిందే ఇప్పుడు అంకె రూపంలో తిరిగొచ్చింది. చైల్డ్ చూసింది తప్పు కాదు, కొలిచే సాధనం అప్పట్లో ఆయన దగ్గర లేదు. ఈ కొత్త స్కోరు మన ఆసుపత్రుల్లో రోజువారీ వాడకంలోకి రాలేదు. ఐజీఎఫ్ వన్ పరీక్ష మాత్రం పిల్లల ఎదుగుదల సమస్యల కోసం పెద్ద ల్యాబుల్లో చేస్తూనే ఉన్నారు. కానీ పస్తులున్నా, వయసు మీద పడినా కూడా అది తగ్గుతుంది. ఆ కాగితం ఒక్కటే చూసి కార్జం పోయిందని బెంబేలు పడకూడదు.

మూడోది టీజీఎఫ్ బీటా. ఇది మచ్చ కట్టించే కారకం. కాలేయంలో నక్షత్రాల్లాంటి కణాలుంటాయి. 1876లో జర్మనీలో కుప్ఫర్ వాటిని మొదట చూశాడు. మామూలు రోజుల్లో ఇవి విటమిన్ ఎ దాచుకునే గాదెలు. ఒంట్లోని విటమిన్ ఎ నిల్వలో పెద్ద వాటా వీటిదే. కాలేయానికి ఏళ్ళ తరబడి దెబ్బ తగులుతుంటే టీజీఎఫ్ బీటా ప్రభావంతో ఇవి ఆ విటమిన్‌ని పోగొట్టుకుని, నారలాంటి కొల్లాజెన్ అల్లడం మొదలుపెడతాయి. ఆ అల్లికే బోదె పూడ్చే మట్టి. అలాంటప్పుడు రక్తంలో టీజీఎఫ్ బీటా కొలిస్తే మచ్చ ఎంతుందో తెలిసిపోతుందని మీకూ అనిపిస్తుంది, నాకూ అనిపించింది.

ల్యాబు బల్ల మీద ఏం జరుగుతుందో చూడండి. ఒకే మనిషి చేతి నుంచి రెండు గొట్టాల్లోకి రక్తం తీశాం. ఊదారంగు మూత గొట్టంలో గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది. ఎర్రమూత గొట్టంలో అది ఉండదు. ఎర్రమూత గొట్టాన్ని అరగంట నిలబెడితే రక్తం జున్నులా గడ్డకట్టి, పైన తేనెరంగు నీరు తేరుతుంది. ఆ గడ్డకట్టే పనిలో ప్లేట్‌లెట్లు పగిలి తమలో ఉన్నదంతా బయటపోస్తాయి. వాటిలో టీజీఎఫ్ బీటా దండిగా ఉంటుంది. అందుకని ఎర్రమూత గొట్టంలో అంకె ఊదామూత గొట్టం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. మనిషి ఒక్కడే, రక్తం ఒక్కటే. అదనంగా వచ్చినదంతా గొట్టంలో పుట్టింది. ఇంకో చిక్కు ఏమిటంటే సిరోసిస్ రోగికి ప్లేట్‌లెట్లే తక్కువ. గొట్టంలో పగలడానికే అవి లేవు. కాలేయం లోపల టీజీఎఫ్ బీటా చెలరేగుతున్నా ఎర్రమూత గొట్టంలో అంకె తక్కువగా రావచ్చు. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్‌ది కూడా ఇదే ఇబ్బంది. ఏ కొత్త మార్కర్ గురించి విన్నా నేను ముందు అడిగేది, ఏ గొట్టంలో తీశారని.

ప్లేట్‌లెట్ల మాట వచ్చింది కనుక నాలుగో కారకం దగ్గరికి వద్దాం. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల పేరు తెలియని ఇల్లు మనకు లేదు. ఎముక మజ్జలో అవి తయారవాలంటే థ్రాంబోపొయిటిన్ అనే వృద్ధి కారకం కావాలి. దీన్ని 1994లో వేరుచేశారు. అది ప్రధానంగా తయారయ్యేది ఎక్కడో ఊహించే ఉంటారు, కాలేయంలోనే. కాలేయం దెబ్బతింటే దాని తయారీ తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కాలేయంలో రక్తం సాఫీగా పారక ప్లీహం ఉబ్బి మరికొన్నింటిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది. కాలేయ మార్పిడి చేస్తే థ్రాంబోపొయిటిన్ కోలుకుని, ప్లేట్‌లెట్లు మళ్ళీ పైకి లేస్తాయి. కాబట్టి ఏ చిన్న ఊళ్ళోనైనా చేసే మామూలు ప్లేట్‌లెట్ల లెక్కలోనే ఒక వృద్ధి కారకం నీడ పడుతుంది.

ఆ రోజు కిటికీ దగ్గర ఆవిడ వెనకాల ఆమె మరిది నిలబడి ఉన్నాడు. అతనికీ షుగరే. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆ నెల రిపోర్టు. "నాకేం లేదండీ, ఎస్‌జీపీటీ నార్మలే" అన్నాడు. తీసుకుని చూశాను. వయసు 52. ఎస్‌జీవోటీ 60. ఎస్‌జీపీటీ 36. ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు. ఎస్‌జీపీటీ అనేది కాలేయ కణం పగిలితే బయటికి కారే సరుకు. కార్జం నిండా మచ్చ కట్టి, పగలడానికి కణాలు తక్కువైనప్పుడు కూడా అది నార్మల్‌గానే ఉండొచ్చు.

రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో లెక్క వేశాను. దీన్ని ఫిబ్ ఫోర్ అంటారు. 2006లో స్టెర్లింగ్ బృందం ఇచ్చిన లెక్క ఇది. దగ్గర కాగితం ఉంటే మీరూ రాసుకోండి. వయసుని ఎస్‌జీవోటీతో గుణించాలి: 52 ఇంటూ 60, అంటే 3,120. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీయాలి: 36కి 6. దాన్ని వేలల్లో రాసిన ప్లేట్‌లెట్లతో గుణించాలి: 6 ఇంటూ 130, అంటే 780. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4. ఈ అంకె 1.3 కంటే తక్కువుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్ళకి ఆ గీత 2 దగ్గర గీస్తారు. 2.67 దాటితే తప్పకుండా చూపించుకోవాలి. అతనిది 4. రిపోర్టులో విడివిడిగా చూస్తే ప్రాణం మీదికి తెచ్చే అంకె ఒక్కటీ లేదు.

షుగరున్నవాళ్ళు, ఒళ్ళు బరువున్నవాళ్ళు, స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రాయించుకుని ఆ కాగితం బీరువాలో పెట్టేసినవాళ్ళు ఈ లెక్క వేయించుకోండి. కొత్త పరీక్ష అక్కర్లేదు, పాత రిపోర్టు చాలు. ఫ్యాటీ లివర్‌ని మన దేశం 2021లోనే షుగరులాంటి జబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. అయినా షుగరు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళ కార్జం గురించి అడిగేవాళ్ళు ఇంకా తక్కువే. హెపటైటిస్ బి పరీక్ష ఒక్కసారైనా చేయించుకోండి. అది ఉన్న ఇంట్లో మిగిలినవాళ్ళకి టీకా వేయించండి. ఆ టీకాని 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి, సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది.

అతన్ని ఫైబ్రోస్కాన్‌కి పంపించాం. పక్కటెముకల మధ్య ఆనించిన పరికరం చిన్నగా ఒక్క తట్టు తడుతుంది. ఆ తట్టు లోపలికి పాకే వేగాన్ని కొలుస్తుంది. గట్టిపడ్డ కార్జంలో అది వేగంగా పాకుతుంది. అతనికి మచ్చ బాగానే ఉంది, కానీ నీరు పట్టే దశ రాలేదు. అప్పట్లో 82 కిలోలు ఉండేవాడు. డాక్టరు ఎనిమిది కిలోలు తగ్గమన్నాడు. బరువులో పదో వంతు తగ్గితే మచ్చ కూడా కరిగే వీలుంది. ఆరునెలలకోసారి అల్ట్రాసౌండు చేయించుకోమన్నాడు.

అన్నగారు ఆ వానాకాలం దాటలేదు. ఆవిడ ప్రశ్నకి నేను చెప్పిన జవాబు ఆవిడకి ఏ మాత్రం ఊరటనిచ్చిందో నేను అడగలేదు. మరిది మాత్రం ఆరునెలలకోసారి వస్తున్నాడు. ఏడు కిలోలు తగ్గాడు. మొన్న వచ్చినప్పుడు కిటికీలోంచి రిపోర్టు అందుకుని, ప్లేట్‌లెట్ల దగ్గర వేలు పెట్టాడు. లక్షా ముప్పై ఐదు వేలు. ఆ ఐదు వేల తేడా యంత్రంలో కూడా రావచ్చు.

"పెరిగిందాండీ?" అని అడిగాడు.

"తగ్గలేదు" అన్నాను.